ఎడమవైపు కుర్చీ

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు పిచ్చుకకు అన్నయ్య దీవించి తెలియజేయునది.

ఇక్కడ నేను సగం క్షేమం. మిగిలిన సగం నుంచి నివేదిక ఇంకా అందవలసి ఉంది. మీ వదిన పూర్తిగా క్షేమం; దంపతుల్లో ఎవరో ఒకరు పూర్తిగా ఉండాలి కనుక ఆ బాధ్యత ఆమె స్వీకరించింది. అక్కడ నువ్వు, బావమరిదిగారు, ఆయన దుకాణంలో మరమ్మతుకు వచ్చి యజమానులు మరిచిపోయిన గొడుగులు, అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

విషయంలోకి వెళ్ళేముందు ఈ కాగితం గురించి ఒక వివరణ. ఎడమ అంచు వెంబడి పైనుంచి కిందికి ఒక ఎర్రగీత ఉంది. అది అలంకారం కాదు. ఈ చికిత్సాలయంలో నా కాళ్ళూ చేతుల బాధ్యత చూసే ఫిజియో మేడమ్ స్కేలు పెట్టి గీసి ఇచ్చింది. ప్రతి పంక్తికీ ముందు కళ్ళతో ఆ గీతను వెతికి పట్టుకోవాలి, పట్టుకున్నాకే కలం కదలాలి అని ఉత్తర్వు. గీత లేకుండా రాసిన మొదటి ప్రతిని మీ వదినకు చూపిస్తే, "ఇదేంటండీ, కాగితంలో సగం ఎవరికైనా అద్దెకిచ్చారా?" అంది. ప్రతి పంక్తీ కాగితం నడుమ పుట్టి కుడి అంచున కన్నుమూసిందట. నాకు మాత్రం ఆ కాగితం నిండుగానే కనిపించింది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకో. ఉత్తరం మొత్తం దాని మీదే నిలబడుతుంది.

నీ ఉత్తరం అందింది. అందులో మూడు ప్రశ్నలు, ఒక ప్రకటన ఉన్నాయి. చెయ్యి ఎలా ఉందని అడిగావు. మంచం పక్కన మరిచిపోయిన గొడుగు ఎప్పుడు పంపుతావని అడిగావు. మూడో ప్రశ్నను నీ మాటల్లోనే ఎత్తి రాస్తున్నాను: "పొద్దున్నే బస్సెక్కి వానలో వచ్చి నీ పక్కన కూర్చుంటే, మొహం తిప్పుకుని కిటికీ వైపు చూస్తూ ఆయమ్మతో 'పిచ్చుక ఇంకా రాలేదా?' అన్నావు. అది అమ్మ మాట. అదే గొంతు, అదే విరుపు. అమ్మ నీలోకి దూరిందా అన్నయ్యా?" ఇక ప్రకటన: నువ్వు మళ్ళీ మా గడప తొక్కవు. పాలనాశాస్త్రం బోధించి బతికినవాడిని కనుక ప్రశ్నలను వరుసలో తీసుకుని, ప్రకటనను చివరి పరిశీలనకు ఉంచుతున్నాను. కాగితం చింపేయాలనిపిస్తే దయచేసి మూడో సమాధానం తర్వాత చింపు.

ఎడమచెయ్యి ప్రస్తుతం దీర్ఘకాలిక సెలవులో ఉన్న ఉద్యోగి వంటిది. రాజీనామా ఇవ్వలేదు, విధులకూ హాజరు కాదు. కేంద్ర కార్యాలయం నుంచి ఉత్తర్వులు సక్రమంగానే బయల్దేరుతున్నాయి. దారిలో ఎక్కడో దస్త్రాల కింద పడిపోతున్నాయి. దెబ్బ తిన్నది మెదడులో కుడి భాగం. దాని అధికార పరిధి శరీరంలో ఎడమ భాగం. ఇంత అస్తవ్యస్తమైన పాలనావిభజన నేను ఏ పాఠ్యగ్రంథంలోనూ చూడలేదు. మాట పోలేదు. కుడిచేతి రాత పోలేదు. అందువల్ల వచ్చినవాళ్ళందరూ "అదృష్టవంతులు, తెలివి బ్రహ్మాండంగా ఉంది" అని నన్ను అభినందించి వెళ్ళేవారు. నేనూ ఆ అభినందనలు స్వీకరించాను.

మొదట్లో ఇక్కడ శరీర శాఖ, మనసు శాఖ వేర్వేరుగా ఉండేవి. పొద్దున మేడపైన మేడమ్ కాళ్ళు లాగేది. మధ్యాహ్నం కింద గదిలో ఒక మాస్టారు, పిల్లలకు చూపించినట్టు బొమ్మలు చూపించి ఇది ఏమిటి, అది ఎక్కడుంది అని అడిగేవాడు. పైవాళ్ళు చేసేది కిందివాళ్ళకు తెలియదు. నాకు అది సొంత విశ్వవిద్యాలయంలా అనిపించి ప్రాణం కుదుటపడింది. అంతలో ఏం పుట్టిందో, రెండు శాఖలనూ విలీనం చేశారు. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి నా మీద పడుతున్నారు.

పద్ధతి ఇది. కళ్ళు మూసుకోవాలి. ఎదురుగా ఒక గాజు గ్లాసు ఉందని, ఎడమచెయ్యి దాని దగ్గరికి వెళ్తోందని అనుకోవాలి. ఊరికే అనుకుంటే చాలదు. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకోవడం, గాజు చల్లదనం తగలడం, నీళ్ళ బరువు మణికట్టులోకి దిగడం, అన్నీ మనసులో జరగాలి. జరిగాయని ఒప్పుకున్నాక మేడమ్ నిజమైన గ్లాసు పెట్టి, నిజమైన చెయ్యి పట్టుకుని, అదే పని చేయిస్తుంది.

"మనసులో ఎత్తితే దారి పడుతుంది సార్. చేత్తో ఎత్తితే ఆ దారిన నడక మొదలవుతుంది. ఒకటి చేసి ఒకటి మానేస్తే సగం పనే," అన్నాడు మాస్టారు.

"సగం పనులతోనే మా సంస్థ శతాబ్ది ఉత్సవాల దాకా వచ్చిందయ్యా," అన్నాను.

మేడమ్ నవ్వలేదు. ఆమెది పని పూర్తిచేసే తరం. "ఎడమచెయ్యి ఎత్తండి సార్," అంది.

"ఎత్తాను."

"ఎక్కడ సార్?"

"ఎత్తానమ్మా. నువ్వు చూడలేదు."

ఎత్తలేదట. ఒళ్ళో పడి ఉందట. అయినా నేను అబద్ధమాడలేదు పిచ్చుకా. ఎత్తినట్టు నాకు స్పష్టంగా తెలుసు. ఇలాంటి ధ్రువీకరణ పత్రాలు నా మెదడు ఎన్ని జారీ చేస్తోందో, వాటిలో ఎన్ని నిజమో తేల్చే యంత్రాంగం కూడా నా మెదడే. అప్పుడు మొదటిసారి ఒళ్ళు జలదరించింది.

నడకలోనూ ఇదే విలీనం. నడుస్తూ పూల పేర్లు చెప్పాలి, లేదా అంకెలు వెనక్కి లెక్కపెట్టాలి. మాట మీద ధ్యాస పెడితే కాలు ఆగుతుంది, కాలు మీద పెడితే మాట ఆగుతుంది. రెండూ కలిసి సాగిననాడు మనిషి రోడ్డు దాటగలడని వాళ్ళ సిద్ధాంతం. నా పక్క మంచం రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయన కుర్చీలో కూర్చుని నా నడకను పర్యవేక్షిస్తాడు.

"సారూ, ఎడమ పక్క గోడకి రాసుకుంటా పోతున్నారు! నేనిట్లా తోలుంటే మొదటి ట్రిప్పుకే పీకేసేవాళ్ళు."

"ఎడమ పక్క గోడ లేదు కదా?"

"లేదా? అయితే ఆ భుజానికి సున్నం ఎక్కడిది?"

చూసుకుంటే సున్నం ఉంది. గోడ లేదు. ఒళ్ళు జలదరించడం ఇది రెండోసారి.

గొడుగు విషయం. నువ్వు వచ్చిన రోజున, మంచం కింద నుంచి ఒక నీటిచార కుడివైపుకు పాకి వచ్చి, నా చెప్పుల దగ్గర ఆగింది. పైకప్పు కారుతోందని నేను లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మేస్త్రీ వచ్చి నిచ్చెన వేసి చూసి, కప్పు ఎముకలా పొడిగా ఉందని చెప్పి, నన్ను జాలిగా చూసి వెళ్ళాడు. తర్వాత మీ వదిన వచ్చి నా మీదుగా వంగి, ఎర్రగొడుగు ఒకటి పైకెత్తింది.

"పిచ్చుక వచ్చిందా?"

"ఎవరూ రాలేదే. నేను పొద్దుటినుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను."

"మరి ఈ గొడుగు తనంతట తనే నడిచొచ్చిందా అండీ? చూడండి, పిడికి మీ బావమరిది చుట్టే తీగ. ఆయన చేతిపని కాదూ?"

ఆ క్షణం దాకా గొడుగు లేదు. ఆమె దాన్ని కుడివైపుకు తెచ్చాక ఉంది. ఆమె తిరిగి దాన్ని అటు పెడితే మళ్ళీ లేదు. కనిపించకుండా పోవడం కాదు. ఒక వస్తువు పోతే దాని చోటు మిగులుతుంది కదా, ఇక్కడ చోటు కూడా మిగల్లేదు. ఆ గొడుగు పక్కన కుర్చీ ఉంది, ఆ కుర్చీలో నువ్వు కూర్చున్నావు, తడిసిన జుట్టు తుడుచుకున్నావు, నేను ముందు మాట్లాడతానని కాచుకున్నావు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నువ్వు వస్తానన్న రోజు కనుక దారి చూస్తూ, విసుగొచ్చి ఆయమ్మను అడిగాను. ఆయమ్మను ఇప్పుడు విచారిస్తే, "నాకెందుకమ్మా పెద్దోళ్ళ గొడవలు? ఆమె పక్కనే కూర్చుంది, ఆయనేమో రాలేదా అంటున్నాడు. మీ ఇళ్ళల్లో ఇట్లానే దెప్పుకుంటారేమో అనుకుని పక్కదుప్పటి మడతేసుకున్నా," అంది. సాక్షి వాంగ్మూలంలో తప్పేమీ లేదు. మన ఇళ్ళల్లో అలాగే దెప్పుకుంటాం.

అందువల్ల గొడుగు పంపడం కుదరదు. దాన్ని వైద్య పరికరంగా జప్తు చేశారు. మేడమ్ దాన్ని మంచానికి ఎడమవైపు కడ్డీకి తగిలించింది. భోజనమైనా, మాటైనా, నడకైనా, ముందు తల తిప్పి ఆ ఎర్రగొడుగు కనిపించాకే మొదలుపెట్టాలి. కాగితం మీద గీత, గదిలో గొడుగు. ప్రపంచానికి ఎడమ సరిహద్దు ప్రస్తుతం ఈ రెండే కాపాడుతున్నాయి.

ఇక మూడో ప్రశ్న. దీనికి ముందు ఇంకో వ్యాయామం గురించి చెప్పాలి.

మాస్టారు నన్ను కళ్ళు మూసుకోమని, మన ఇంటి వీధితలుపు దగ్గర నిలబడమన్నాడు. నిలబడ్డాను. నడవలోంచి పెరటిదాకా మెల్లగా నడుస్తూ కనిపించిన గదులన్నీ చెప్పమన్నాడు. మనసులో నడిచాక, అదే ఇంటిని ఇక్కడి వరండాలో కుర్చీలూ తెరలూ పెట్టి కట్టి, కాళ్ళతో నడిపిస్తారు. నేను చెప్పాను: ముందు గది, వంటగది, స్నానాలగది, పెరటి తలుపు. చక్కగా చెప్పానని అనుకున్నాను. మీ వదిన చేతిసంచీ కింద పెట్టేసింది.

"అదేంటండీ! మీ పుస్తకాల గది ఏదీ? అత్తయ్యగారి గది ఏమైంది?"

"ఏ గది?"

మాస్టారు, ఇప్పుడు పెరటి తలుపు దగ్గర వెనక్కి తిరిగి వీధి వైపు నడవండి అన్నాడు. నడిచాను. అమ్మ గది వచ్చింది. తలుపు ఓరగా ఉంది. లోపల ఎండ పడుతోంది, మంచం మీద అమ్మ కూర్చుని కిటికీలోకి చూస్తోంది. ఆ తర్వాత నా పుస్తకాల గది, ఆ తర్వాత వీధి. ఈసారి వంటగది లేదు.

"పోనీలెండి," అంది మీ వదిన, ఎలాగో నవ్వి. "వెళ్ళేటప్పుడు నేను కనిపిస్తున్నాను, వచ్చేటప్పుడు మీ అమ్మగారు కనిపిస్తున్నారు. ఇద్దరం ఎదురుపడకుండా ఇన్నాళ్ళకి మంచి ఏర్పాటు చేశారు."

మాస్టారు వివరించాడు. కళ్ళకు లోపం లేదు. ధ్యాసే ఎడమవైపు వెళ్ళడం మానేసింది. ఎంతగా అంటే, గుర్తున్న ఇంట్లో కూడా ఎడమ గదులు మూసేసింది. ఇలాంటివాళ్ళు పళ్ళెంలో కుడి సగమే తింటారు. సగం తలే దువ్వుకుంటారు. ఎడమ పక్కన కూర్చున్న మనిషి పలకరిస్తే, కుడి పక్కకు తిరిగి జవాబు చెబుతారు. పలకరించకపోతే ఆ మనిషి లేనట్టే.

ఆ పూట మీ వదిన అన్నం తెచ్చింది. నేను తిని, "కూర వెయ్యడం మరిచిపోయావు," అన్నాను. ఆమె పళ్ళెం అటుదిటుగా తిప్పింది. కూర వచ్చింది. నేను తింటున్నాను. ఆమె మాత్రం పళ్ళెం అంచు వదల్లేదు.

"ఏమండీ," అంది. "అత్తయ్యగారూ ఇంతే కదండీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అయిన తర్వాత చేతిలో ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాను.

నీకు గుర్తుందో లేదో. అమ్మకు పక్షవాతం తేలికగా వచ్చి పోయిందని, మాట స్పష్టంగా ఉందని, కంగారు పడనక్కర్లేదని డాక్టరు చెప్పి పంపాడు. తర్వాత అమ్మ రోజూ పళ్ళెంలో సగం వదిలేసేది. "కూర మాకు కాదేమో, మీకేనేమో," అనేది మీ వదినతో. మీ వదిన ఆ మాట ఇప్పటిదాకా గుండెలో పెట్టుకుంది. అమ్మ సగం తల దువ్వుకుని కూర్చుంటే, కోడలి మీద నిరసన దీక్ష అనుకున్నాం. చూడవచ్చిన టీచర్లు తలుపు వైపు కుర్చీలో కూర్చుని పలకరిస్తే, వాళ్ళకు కిటికీ వైపు చూస్తూ జవాబు చెప్పేది. రిటైరైనా హెడ్మిస్ట్రెస్ పొగరు తగ్గలేదని వాళ్ళు నొచ్చుకుని పోయారు. మందుల అలమర కిటికీ పక్కన ఉండేది కనుక నేనూ మీ వదినా ఎప్పుడూ కుడివైపే నిలబడేవాళ్ళం. మమ్మల్ని చూసేది, మాతో మాట్లాడేది. తలుపు వైపు కుర్చీ అమ్మకు ఎడమవైపు.

నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక, "గొడుగులు బాగుచేసేవాడు వానాకాలం నీకు మొగుడు, ఎండాకాలం ఎవరికో," అని అమ్మ అన్న మాటకు నువ్వు ఏళ్ళ తరబడి రాలేదు. అమ్మకు బాగోలేదంటే వచ్చావు. వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నావు. అమ్మే ముందు మాట్లాడాలని నోరు మెదపలేదు. మనం అందరం అంతే కదా, ఎదుటివాళ్ళు ముందు మాట్లాడితే నాలుక మీద ధారాళంగా మర్యాద ఉంటుంది. మధ్యాహ్నమంతా కూర్చున్నావు. అమ్మ కిటికీలోకి చూస్తూ మీ వదినతో, "పిచ్చుక ఇంకా రాలేదా?" అంది. మీ వదిన తల దించుకుంది. నేను అలమర తలుపు పట్టుకుని నిలబడ్డాను. నువ్వు లేచి వెళ్ళిపోయావు.

మనకు వేరే అర్థం తట్టే వీల్లేదు పిచ్చుకా. బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి "ఏం నాయనా, బడికి దారి చెప్పమంటావా?" అని అడిగిన మనిషి ఆవిడ. ఇంట్లో ఉప్పు తక్కువైతే "సముద్రం ఎండిపోయిందా?" అనేది. ఆ నోటి నుంచి ఒక మామూలు ప్రశ్న, అడగడానికి మాత్రమే అడిగిన ప్రశ్న, రాగలదని ఆ ఇంట్లో పెరిగినవాళ్ళెవరూ నమ్మరు. ఆవిడ మెదడు ఎడమవైపు మూసేసుకుంది. మనం ఆవిడ మాటలకు మామూలు అర్థం మూసేశాం. పక్షవాతం ఒక్కరికే వచ్చింది. పథ్యం అందరం చేశాం.

నీకు తెలియనిది ఒకటి ఉంది. నువ్వు వెళ్ళిపోయాక కూడా అమ్మ ఆ మాట మానలేదు. పొద్దున మందు వేసుకుంటూ అడిగేది, సాయంత్రం కిటికీ మూస్తుంటే అడిగేది. మనిషిని తరిమేసి ఇంకా దెప్పుతోంది, ఎంత విషం అనుకున్నాం. చివరి వారంలో మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది. వస్తుందని ఎవరో చెప్పారు, వచ్చిందని ఎవరూ చెప్పలేదు, అందుకని అడుగుతూనే ఉంది.

కాబట్టి మూడో ప్రశ్నకు అధికారిక సమాధానం: అమ్మ నాలోకి దూరలేదు. ఇద్దరికీ మెదడులో ఒకే చోట దీపం ఆరింది. ఇద్దరం ఒకే మనిషి కోసం ఎదురుచూశాం. ఆ మనిషి రెండుసార్లూ ఒకే వైపు కూర్చుంది. మాట ఒకటే రావడంలో వింతేముంది?

ఇది అధికారిక సమాధానం. అనధికారికమైనది ఇంకొకటి ఉంది. దాన్ని ఇంతదాకా తొక్కిపెట్టాను. మీ వదినకు తెలియదు, మాస్టారికి తెలియదు.

మనసులో నడిచే వ్యాయామాన్ని వాళ్ళు చెప్పినప్పుడే చెయ్యాలి. నేను వాళ్ళు చెప్పనప్పుడూ చేస్తున్నాను. వీధితలుపు నుంచి కాదు. నేరుగా పెరటి తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తాను. అలా వస్తే అమ్మ గది కుడివైపు పడుతుంది. అమ్మ ఉంటుంది. ఇవన్నీ ఊహలని, ఊహించమని వాళ్ళే చెప్పారని నాకు తెలుసు. కానీ మాస్టారు గ్లాసును, గదులను ఊహించమన్నాడు గానీ మనుషుల్ని ఊహించమనలేదు. నేను పెట్టని దుప్పటి ఆవిడ కాళ్ళ మీద ఉంటుంది. నేను తలవని దగ్గు వినిపిస్తుంది.

కొన్నాళ్ళకు వెళ్ళేటప్పుడు కూడా ఎడమవైపు తలుపు మసకగా కనిపించడం మొదలైంది. గొడుగు పనిచేస్తోందన్నమాట. మేడమ్ అడిగింది, "ఎడమవైపు ఏమైనా కనిపిస్తోందా సార్?" లేదన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. నా జీవితంలో ఎందరో అధికారుల తప్పుడు నివేదికలను తరగతిలో చీల్చి చెండాడినవాణ్ణి, నేనే ఒకటి దాఖలు చేశాను. కారణం ఒక్కటే. ఆ గది ఇప్పుడెలా ఉందో నాకు తెలుసు: పాత సూట్‌కేసులు, తిరగని ఫ్యాను, విరిగిన ఇస్త్రీబల్ల. రెండు వైపుల నుంచీ సరిగ్గా కనిపించిన రోజు అది ఆ సామాన్ల గదే అవుతుంది. సగం జబ్బు ఉన్నంతకాలమే అందులో అమ్మ ఉంటుంది.

అంతలో నీ ఉత్తరం వచ్చింది. ఆ పూట వెనక్కి నడిచి గదిలోకి వెళ్ళి, మొదటిసారిగా తలుపు వైపు కుర్చీలో, నీ కుర్చీలో కూర్చున్నాను. అమ్మా అన్నాను. ఆవిడ కిటికీ వైపు, "ఎవరూ?" అంది. నేనేనమ్మా అన్నాను. కిటికీలో వెతికింది. నేను చెయ్యి ఊపాను, ముందుకు వంగాను, ఆవిడ చెంప మీద పుట్టుమచ్చ అంత దగ్గరగా ఉంది. చూపు ఇటు రాలేదు. ఆ కుర్చీలో కూర్చోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అక్కడ నువ్వు మధ్యాహ్నమంతా ఎలా కూర్చున్నావే తల్లీ?

మేడమ్ నాకు నేర్పింది ఒకటుంది. పడిపోయిన చేతిని బాగున్న చేత్తో పట్టుకుని, మెల్లగా రుద్దుతూ, ఛాతీ మధ్యకు తీసుకురావాలి. అప్పుడు కళ్ళు ఆ చేతి వెంట వస్తాయి. తర్వాత ఆ చేతిని దాని చోటికి పంపిస్తే, కళ్ళు అక్కడిదాకా వెళ్ళి ఆగుతాయి. నేను అమ్మ ఎడమచేతిని ఎత్తి ఆవిడ కుడిచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని వింతగా, ఎవరో ఇచ్చి మరిచిపోయిన వస్తువులా చూసింది. నిమిరింది. నేను ఆ చేతిని మెల్లగా ఇటు లాగాను. చూపు చేతి వెంట వచ్చింది. మోచేయి, దుప్పటి అంచు, మంచం కోడు, కుర్చీ చెయ్యి. అక్కడ ఆగి, పైకి లేచింది. నా ముఖం మీద కాదు. కుర్చీలో ఎవరుండాలో వాళ్ళ ముఖం మీద.

"వచ్చావా," అంది. అందులో విరుపు లేదు.

కళ్ళు తెరిచేసరికి ఇక్కడ నిజమైన ఎడమచెయ్యి నిజమైన కుడిచేతిలో ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. బొటనవేలు కొద్దిగా కదులుతోంది. డ్రైవరు చూసి, "సారూ, ఇండికేటరు పడింది!" అని కేకేశాడు.

ఆ మర్నాడు మాస్టారితో వీధితలుపు నుంచి నడిచాను. ముందు గది, గొడుగును తలుచుకుని ఎడమవైపు తిరిగితే పుస్తకాల గది, వంటగది, మళ్ళీ ఎడమవైపు తిరిగితే అమ్మ గది. సూట్‌కేసులు, ఫ్యాను, ఇస్త్రీబల్ల. అంతా ఉన్నదున్నట్టు నివేదించాను. మేడమ్ చప్పట్లు కొట్టింది. మీ వదిన నా ముఖం చూసి నీళ్ళు ఇచ్చింది.

అమ్మ ఆ మాట అన్నదని నేను చెప్పడం లేదు. ఊహను సాక్ష్యంగా స్వీకరించరాదని నేనే పాఠం చెప్పాను. సగం పళ్ళెం సాక్ష్యం. సగం దువ్విన తల సాక్ష్యం. అలమర పక్కన నిలబడ్డ నన్ను చూసి, కుర్చీలో ఉన్న నిన్ను చూడలేకపోవడం సాక్ష్యం. "వచ్చావా" అన్నది మాత్రం దస్త్రంలో చేర్చలేను. నీకు ఇవ్వగలను. పుచ్చుకుంటావో లేదో నీ ఇష్టం.

ఇక ప్రకటన. ఇంటికి పంపే ముందు ఇక్కడ ఒక పరీక్ష ఉంది. వరండాలో కట్టిన మన ఇంటిని పొడుగునా నడవాలి. మధ్యలో ఎడమవైపు నుంచి ఒక మనిషి పిలుస్తారు. నేను కాలు ఆపకుండా తల తిప్పి, ఆ మనిషిని వెతికి పట్టుకుని, పేరు పెట్టి జవాబు చెప్పాలి. అటు ఎవరిని నిలబెడదామని మేడమ్ అడిగింది. మీ వదిన కుడివైపు చెయ్యి పట్టుకుంటుంది. డ్రైవరు తనంతట తాను సిద్ధపడ్డాడు, హారన్ కూడా కొడతానన్నాడు. నేను ఆ స్థానం భర్తీ అయిందని చెప్పాను. ఇది కూడా తప్పుడు నివేదికే. నిజం చెయ్యడం నీ చేతుల్లో ఉంది.

వస్తే కుడివైపు కూర్చోకు. కుడివైపు అందరూ కూర్చుంటారు, అక్కడ నాకు చాతకానిదేమీ లేదు. ఎడమవైపు కుర్చీ అలాగే ఉంది, దాని పక్కనే కడ్డీకి నీ గొడుగు ఉంది. అక్కడ కూర్చుని, ఈసారి నువ్వే ముందు పిలువు. చెయ్యి అందుకో. నేను వెంటనే చూడకపోతే లేచిపోకు. కిటికీ వైపు జవాబు చెబితే లేచిపోకు. నాకు కాస్త సేపు పడుతుంది, దారి ఇంకా పూర్తిగా పడలేదు. కానీ తిరుగుతాను. మెడ అటు తిరుగుతుందని ఇప్పుడు నాకు తెలుసు.

నా రాతలో నువ్వు వ్యంగ్యం వెతకడం అలవాటు. ఈ ఉత్తరం నిండా వెతుక్కో, దొరుకుతుంది. ఈ ఒక్క వాక్యంలో మాత్రం వెతక్కు. రోజూ పొద్దున గొడుగును చూశాక ఆయమ్మను అడుగుతున్నాను, ఆమె ఆ కుర్చీ వైపు చూసి తల అడ్డంగా ఊపుతోంది: పిచ్చుక ఇంకా రాలేదా?

ఇట్లు,
నీ ఎడమవైపు తిరిగి కూర్చున్న
అన్నయ్య